నల్లనమ్మ దగ్గరికి: ఐన్‌సీడెల్న్ యాత్ర

ఇంటికొచ్చి ఐదు రోజులైంది. సూట్‌కేసు ఇంకా పూర్తిగా ఖాళీ చేయలేదు, అయినా మర్చిపోకముందే రాసేయాలని కూర్చున్నాను. మా తమ్ముడు స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్ దగ్గర ఉంటాడు. అమ్మకు డెబ్భై మూడేళ్ళు, మోకాళ్ళు నొప్పులు, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పటికీ కుదరదని నేనే పట్టుబట్టి తీసుకెళ్ళాను. మేం హిందువులమే గానీ, విజయవాడలో స్థిరపడ్డప్పటి నుంచి అమ్మ ప్రతి ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్ళకు వెళ్తుంది. తమ్ముడు చిన్నప్పుడు జ్వరంతో మంచాన పడితే అక్కడే మొక్కుకుని వాడికి తలనీలాలు ఇప్పించింది. అందుకే వాడు ఫోన్లో "ఇక్కడికి గంట దూరంలో ఒక మాత ఉందమ్మా, నల్లగా ఉంటుంది" అన్నప్పుడు అమ్మ ఆల్ప్స్ మంచు గురించి అడగడం మానేసి ఆ మాత గురించే అడగడం మొదలుపెట్టింది.

నలుపు అనగానే అమ్మ ఎందుకలా ఆగిపోయిందో నాకు తెలుసు. పెళ్ళిచూపుల్లో మూడుసార్లు రంగు తక్కువని వద్దనిపించుకున్న మనిషి.

సెప్టెంబర్ 12, రాపెర్స్‌విల్

పాతకాలపు యాత్రికులు నడిచిన దారిలోనే మేమూ కొంతైనా నడవాలని తమ్ముడి ఆలోచన. జ్యూరిక్ సరస్సు ఒడ్డున ఉన్న రాపెర్స్‌విల్ నుంచి అవతలి ఒడ్డుకు చెక్క వంతెన మీదుగా నడిచి వెళ్ళొచ్చు. పొడవు 841 మీటర్లు, ఇప్పుడున్నది 2001లో కట్టారు. కానీ ఇదే చోట 14వ శతాబ్దంలో కూడా వంతెన ఉండేది. జర్మనీ వైపు నుంచి వచ్చే యాత్రికులు దాని మీదుగానే ఆ నల్లని మాత ఉన్న ఐన్‌సీడెల్న్‌కూ, అక్కడి నుంచి ఇంకా ముందుకు స్పెయిన్‌లోని సాంటియాగో అనే యాత్రాస్థలం వరకూ నడిచేవాళ్ళట.

అమ్మ సగం దూరం నడిచి, మధ్యలో ఉన్న బల్ల మీద కూర్చుని, "ఇక మీరు వెళ్ళిరండి, నేను నీళ్ళు చూస్తా" అంది. మరదలు పొద్దున్నే కలిపిన పులిహోర డబ్బా అక్కడే తెరిచాం. పక్కన సైకిల్ ఆపుకున్న ఒక పెద్దాయన వాసనకు తల తిప్పి చూసి నవ్వాడు. అమ్మ వెంటనే మూతలో రెండు చెంచాలు పెట్టి ఇచ్చేసింది. ఆయన తిని, ఎండుమిర్చి దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తిన్నాడు. ఇక్కడ ముక్కూ మొహం తెలియని వాళ్ళకు తిండి పెట్టడం అలవాటు లేదని తమ్ముడు కంగారుపడ్డాడు గానీ, ఆ పెద్దాయన తన సంచిలోంచి రెండు యాపిల్స్ తీసి అమ్మ ఒళ్ళో పెట్టి వెళ్ళాడు.

ఒక మాట చెప్పాలి. దారిలో ఎదురయ్యే ప్రతివాళ్ళూ "గ్రుయెట్సి" అని పలకరిస్తారు, ఊళ్ళో అంతగా ఉండదు, కాలిబాట మీద మాత్రం పలకరించకపోతే మర్యాద కాదు. అమ్మకు రెండో రోజుకల్లా ఆ మాట మాకంటే బాగా వచ్చేసింది.

సెప్టెంబర్ 13, ఎట్జెల్ కొండ దారి

అమ్మా, మరదలూ రైల్లో వస్తారు, నేనూ తమ్ముడూ ఫెఫికోన్ నుంచి కొండెక్కి వెళ్తాం. అదీ ఏర్పాటు. సరస్సు మట్టం 406 మీటర్ల ఎత్తులో ఉంటే ఎట్జెల్ కనుమ 950 దగ్గర, అంటే తిరుమల మెట్లంత కాదుగానీ మొదటి గంటలోనే ఒళ్ళంతా చెమట. దారంతా పసుపు బోర్డులు, వాటి మీద 4 నంబరు కనిపిస్తే అది సాంటియాగో దారి. ఆ నంబరు చూస్తూ నడిస్తే చాలు. మేం ఆవుల మెడగంటల వీడియో తీసుకుంటూ ఒక బోర్డు దాటిపోయి, అడవిలో ముప్పావుగంట వేరే దిక్కుకు నడిచాం. దారి సన్నబడి, చివరికి ఒక రైతు పాక ముందు ఆగిపోయింది. పాకలోంచి వచ్చినావిడకు ఇంగ్లీషు రాదు, నాకు జర్మన్ రాదు, తమ్ముడికి వచ్చిన జర్మన్ ఆవిడ యాసకు పనికిరాలేదు. "ఐన్‌సీడెల్న్" అన్నాను. ఆవిడ చేతులు తుడుచుకుని, పొలం కంచె తీసి, తన గడ్డి మైదానానికి అడ్డంగా మమ్మల్ని నడిపించుకెళ్ళి, అసలు దారి కనిపించేదాకా వచ్చి వదిలిపెట్టింది. వెళ్ళేముందు తన గుండె మీద చెయ్యి వేసుకుని ఏదో అంది. "నా తరఫున కూడా దండం పెట్టండి అంటోంది" అన్నాడు తమ్ముడు.

కనుమ మీద ఒక చిన్న ప్రార్థనాలయం ఉంది, పక్కనే సత్రం లాంటి భోజనశాల. కథ మొదలైంది ఈ చోటే. తొమ్మిదో శతాబ్దంలో మైన్‌రాడ్ అనే సన్యాసి రైహెనౌ మఠం వదిలి ఒంటరిగా బతకాలని ఈ కొండ మీదికి వచ్చాడు. ఆయన మంచి మాట వినాలని జనం ఇక్కడికీ రావడం మొదలుపెట్టేసరికి, 835 ప్రాంతంలో ఇంకా లోపలికి, చీకటి అడవి అని పిలిచే చోటికి వెళ్ళిపోయాడు. ఐన్‌సీడెల్న్ అన్న పేరులోనే ఒంటరిగా ఉండే మునివాసం అన్న అర్థం ఉంది. అక్కడ పాతికేళ్ళ పైన ఉన్నాడు. 861 జనవరి 21న ఇద్దరు మనుషులు వచ్చారు. యాత్రికులు ఇచ్చిన సొమ్ము దాచి ఉంటాడని వాళ్ళ ఆశ. చంపడానికే వచ్చారని ఆయనకు తెలిసినా వాళ్ళకు తిండీ నీళ్ళూ ఇచ్చాడనీ, ఆ తర్వాతే వాళ్ళు ఆయన్ని కొట్టి చంపారనీ చెప్తారు. ఆయన పెంచుకున్న రెండు కాకులు, బొంతకాకులు, హంతకుల వెంటపడి జ్యూరిక్ దాకా వెళ్ళి, అరిచి గోల చేసి పట్టించాయట. మఠం చిహ్నంలో ఇప్పటికీ ఆ రెండు కాకులే.

మైన్‌రాడ్ చేరిన బెనెడిక్ట్ సన్యాసుల సంఘం నియమావళిలో ఒక మాట ఉంది, వచ్చిన అతిథిని క్రీస్తుని ఆదరించినట్టే ఆదరించాలని. మైన్‌రాడ్ దాన్ని చివరి గంట వరకూ పాటించాడు. కాకుల కథ నిజమా అని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను, తిండి పెట్టిన సంగతి మాత్రం నిజమనే నమ్ముతాను, ఎందుకంటే అప్పుడే కంచె తీసి దారి చూపిన ఆవిణ్ణి చూసి వస్తున్నాం.

అక్కడి భోజనశాలలో బార్లీ సూపు, రొట్టె, ఇద్దరికీ కలిపి 26 ఫ్రాంకులు. ఒక ఫ్రాంకు వంద రూపాయల పైమాటే కాబట్టి మొదటి వారమంతా ప్రతి బిల్లునీ లెక్కకట్టి గుండె పట్టుకున్నాను, ఆ తర్వాత మానేశాను. మంచినీళ్ళకు మాత్రం పైసా ఖర్చు లేదు, దారి పొడవునా తొట్ల దగ్గర ధార పడుతూనే ఉంటుంది, తాగకూడదని రాసి ఉంటే తప్ప తాగొచ్చు.

దిగుతుంటే సీల్ నది మీద పైకప్పు ఉన్న రాతి వంతెన వచ్చింది, దెయ్యం వంతెన అంటారు. దాని పక్కనే 1493లో పారాసెల్సస్ పుట్టాడు, ఖనిజాలతో, రసాయనాలతో మందులు చేయడం నేర్పిన వైద్యుడు. తమ్ముడు ఫార్మా కంపెనీలో పనిచేస్తాడు, వాడు ఇక్కడ చాలాసేపు నిలబడ్డాడు. నాకు మాత్రం అమ్మ ఎదురుచూస్తుంటుందని తొందర.

నాలుగు దాటాక చివరి మలుపులో జంట గోపురాలు కనిపించాయి. ఊరు చిన్నది, గుడి పెద్దది. దాని ముందు వాలుగా ఎక్కే విశాలమైన మైదానం, రెండు వైపులా చేతులు చాచినట్టు వంగిన వసారాలు, వాటి కింద జపమాలలూ కొవ్వొత్తులూ అమ్మే కొట్లు. మన దేవస్థానం ముందు పూసల కొట్ల వీధిలోకి వచ్చినట్టే ఉంది, అరుపులు మాత్రం లేవు.

అమ్మ అప్పటికే లోపల ఉంది. మరదలు బయటికొచ్చి, "వదినా, గంట నుంచి కదలట్లేదు అత్తయ్య" అంది.

తలుపు దాటగానే ఆగిపోయాను. అంత పెద్ద చర్చి లోపల, గుమ్మానికి ఎదురుగా, నల్ల చలువరాతితో ఇంకో చిన్న గుడి. గుడిలో గుడి. మైన్‌రాడ్ కుటీరం ఉన్న చోట అది. దాని లోపల మెరిసే బంగారు మేఘాల మధ్య నాలుగడుగుల కన్నా తక్కువ ఎత్తున్న నల్లటి తల్లి, చేతిలో నల్లటి బిడ్డ, ఒంటి మీద జరీ అంగరఖా. గర్భగుడి ముందు నిలబడ్డప్పుడు చీకట్లోంచి ముఖం ఒక్కటే మెల్లగా తేలి వస్తుంది చూడండి, అలాగే వచ్చింది.

నాలుగున్నరకు సాయంకాల ప్రార్థన. తర్వాత నల్ల అంగీల సన్యాసులు వరుసగా నడిచొచ్చి ఆ చిన్న గుడి ముందు నిలబడి సాల్వే రెజీనా అనే మాత స్తోత్రం పాడారు. నాలుగు వందల ఏళ్ళకు పైగా ఇదే పాట. లాటిన్ ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అమ్మ చేతులు జోడించి పెదవులు కదుపుతోంది. ఏం చదువుకున్నావమ్మా అని తర్వాత అడిగితే లలితా సహస్రం అంది.

సెప్టెంబర్ 14, ఐన్‌సీడెల్న్

ఈ తేదీ చూసుకునే వచ్చాం. 934లో ఎబర్‌హార్డ్ అనే ఆయన స్ట్రాస్‌బర్గ్ నుంచి వచ్చి ఇక్కడ మఠం స్థాపించాడు. 948లో ప్రార్థనాలయాన్ని ప్రతిష్ఠించడానికి కాన్‌స్టాన్స్ బిషప్ కాన్రాడ్ వస్తే, ముందురోజు రాత్రి క్రీస్తే దేవదూతలతో దిగివచ్చి ప్రతిష్ఠ చేసేశాడనీ, పొద్దున్న కార్యక్రమం మొదలుపెట్టబోతే "ఆగు, ఇది ఇప్పటికే ప్రతిష్ఠ అయింది" అని ఒక గొంతు వినిపించిందనీ ఐతిహ్యం. దేవదూతల ప్రతిష్ఠ పండగ అంటారు, సెప్టెంబర్ 14. స్వయంభువు అంటే మనకు ఎలా అర్థమవుతుందో, వీళ్ళకు ఇది అలా.

మధ్యయుగంలో ఈ పండక్కి వచ్చిన జనం సంగతి వింటే ఆశ్చర్యం వేస్తుంది. 1465లో గుడి కాలిపోయింది, పాత విగ్రహమూ పోయింది. ఆ మరుసటి ఏడాది పండగ రెండు వారాల్లో యాత్రకు గుర్తుగా యాత్రికులు కొనుక్కునే బిళ్ళలు లక్షా ముప్పై వేలు అమ్ముడయ్యాయని లెక్క ఉంది. ఇప్పుడు మనం చూసే విగ్రహం ఆ కాలందే. తర్వాత 1516 నుంచి 1518 వరకు ఇక్కడ పూజారిగా ఉన్నది జ్వింగ్లీ, ఆ తర్వాత జ్యూరిక్ వెళ్ళి యాత్రలకూ విగ్రహాలకూ వ్యతిరేకంగా అక్కడి ప్రొటెస్టంట్ సంస్కరణోద్యమాన్ని నడిపినవాడు. మఠంలో సన్యాసులు దాదాపు ఎవరూ మిగలని స్థితి వచ్చింది. మళ్ళీ కోలుకుని, ఈ పెద్ద చర్చి కట్టుకునేసరికి 18వ శతాబ్దం. ప్లాన్ గీసిన కాస్పర్ మోస్‌బ్రుగర్ ఇదే మఠవాసి, పని పూర్తికాకముందే 1723లో పోయాడు. కప్పు మీది బొమ్మలూ, సున్నపు శిల్పాలూ ఆసామ్ అనే ఇంటిపేరున్న అన్నదమ్ములవి. 1735లో ప్రతిష్ఠ. ఆ పైకప్పు నాకైతే కాస్త ఎక్కువే అనిపించింది, గులాబీ రంగూ బంగారమూ దేవదూతల కాళ్ళూ, కన్ను నిలవదు. బహుశా అందుకేనేమో ఆ నల్లటి చిన్న గుడి దగ్గరికి వచ్చేసరికి ప్రాణం కుదుటపడుతుంది.

పొద్దున గుడి ముందున్న మాత ఫౌంటెన్ దగ్గర ఒక వింత చూశాం. దానికి పద్నాలుగు ధారలు. ఏదో ఒక ధారలో యేసు నీళ్ళు తాగాడని నమ్మకం, ఏదో తెలియదు కాబట్టి చుట్టూ తిరుగుతూ పద్నాలుగింటిలోనూ తాగుతారు. అమ్మకు ఇది ఎవరూ వివరించనక్కర్లేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ప్రదక్షిణలాగే తిరిగి, ఒక్కొక్క దోసిలి తాగి, పద్నాలుగోది నెత్తిన చల్లుకుంది.

అక్కడే కలిశారు వాళ్ళు. పట్టుచీరల్లో ముగ్గురు ఆడవాళ్ళు, ఇద్దరు పిల్లలు, చేతుల్లో నిలువెత్తు కొవ్వొత్తులు. శ్రీలంక తమిళులు. 1983 తర్వాత యుద్ధానికి తట్టుకోలేక స్విట్జర్లాండ్‌కు వచ్చిన వేల కుటుంబాల్లో వాళ్ళదీ ఒకటి. అమ్మ పుట్టిల్లు నగరి, తమిళం ఇంట్లో మాటే. ఇరవై ఏళ్ళుగా వాడని తమిళం ఆ ఫౌంటెన్ గట్టు మీద గడగడా వచ్చేసింది. వాళ్ళు హిందువులే. అందులో పెద్దావిడ, అమ్మ వయసే ఉంటుంది, చెప్పింది: వచ్చిన కొత్తలో ఈ దేశంలో కోవెల లేదు, భాష రాదు, భర్త ఎక్కడున్నాడో తెలియదు. ఎవరో ఇక్కడికి తీసుకొచ్చారు. "ముఖం చూడగానే మన మనిషి అనిపించిందమ్మా. అప్పటి నుంచి ప్రతి ఏడూ వస్తా." బాసెల్ దగ్గర మారియాస్టైన్ అని బెనెడిక్ట్ సన్యాసులదే ఇంకో మఠం ఉంది, అక్కడికీ తమిళులు గుంపులుగా యాత్ర వెళ్తారట.

మధ్యాహ్నం ఎండలో మెట్ల మీద కూర్చున్నప్పుడు మరదలు ఆ విగ్రహం కథ చదివి చెప్పింది. 1798లో ఫ్రెంచి సైన్యం వచ్చింది. నల్ల రాతి గుడిని పడగొట్టింది. ఇప్పుడున్నది ఆ తర్వాత పందొమ్మిదో శతాబ్దంలో మళ్ళీ నిలబెట్టింది. సన్యాసులు విగ్రహాన్ని ముందే దాటించేశారు, చోట్లు మార్చి దాచి, ఆస్ట్రియాలోని బ్లూడెంజ్‌కు చేర్చారు. అక్కడ 1799లో ఫ్యుట్‌షర్ అనే పనివాడికి బాగుచేయమని ఇచ్చారు. పూర్వం ఈమె నల్లగా లేదట. మామూలు ఒంటిరంగు, ఎర్రటి బుగ్గలు. కొన్ని వందల ఏళ్ళు ఆ చిన్న గదిలో వెలిగిన దీపాల, కొవ్వొత్తుల పొగ పట్టి నల్లబడింది. ఆయన మసంతా శుభ్రంగా తీసేశాడు. జనం ఒప్పుకోలేదు. ఈమె మా తల్లి కాదన్నారు. చివరికి ఆ పనివాడే మళ్ళీ నల్లరంగు వేశాడు. 1803లో ఆ నల్లటి ముఖంతోనే ఐన్‌సీడెల్న్‌కు తిరిగొచ్చింది.

అమ్మ వింటూ వింటూ, "మళ్ళీ చెప్పవే" అంది.

మరదలు మళ్ళీ చెప్పింది.

"తెల్లగా చేసి తెస్తే వద్దన్నారా?"

"వద్దన్నారు అత్తయ్యా."

అమ్మ ఇంకేం మాట్లాడలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, లేచి, ఒక్కతే లోపలికి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళబోతే తమ్ముడు "ఉండనీ అక్కా" అన్నాడు. యాభై ఏళ్ళ క్రితం అమ్మను వద్దన్న ఆ మూడు ఇళ్ళ వాళ్ళ మీద నాకు చిన్నప్పటి నుంచీ కోపం. ఆ మాట అమ్మకు ఎప్పుడూ చెప్పలేదు.

విగ్రహానికి పాతికకు పైగా అంగరఖాలున్నాయి, పండగను బట్టి, కాలాన్ని బట్టి మారుస్తారు. మొక్కుబడిగా ఇచ్చినవి చాలా ఉన్నాయట. తమిళావిడకు ఏ రంగు ఎప్పుడు వేస్తారో కంఠతా వచ్చు, అమ్మకు ఆ లెక్కంతా చెప్తూ కూర్చుంది. ఇద్దరూ శ్రావణమాసం అలంకారాల గురించి మాట్లాడుకుంటున్నట్టే మాట్లాడుకున్నారు.

రాత్రి మైదానమంతా దీపాలు. చర్చి ముఖద్వారం పొడవునా, వంగిన వసారాల మీద, వరుసల్లో వేల చిన్న మంటలు, గంటలన్నీ ఒక్కసారి మోగుతుంటే ఛాతీలో అదురు తెలుస్తుంది. ఊరేగింపు కదిలింది. చలి బాగా ఉంది, అమ్మ రెండు స్వెటర్ల మీద తమ్ముడి కోటు వేసుకుంది, చేతిలో కొవ్వొత్తి. పక్కన తమిళావిడ. ఎదురుగా స్విస్ ముసలమ్మ ఒకావిడ తన కొవ్వొత్తి ఆరిపోతే మాటా పలుకూ లేకుండా అమ్మ వైపు వంచింది, అమ్మ వెలిగించింది. కొండ మీద కంచె తీసినావిడ తరఫున నేను దండం పెట్టాను, పేరు తెలియదు కాబట్టి ఆమె ముఖం తలుచుకుని.

సెప్టెంబర్ 15, తిరుగు ప్రయాణం

రైలుకు రెండు గంటలుంది. మఠం వెనక గుర్రాల సాలలకు వెళ్ళాం. వెయ్యేళ్ళ నుంచి ఇక్కడ సన్యాసులు గుర్రాలు పెంచుతున్నారు, ఇటలీ వాళ్ళు వీటిని మాతగారి గుర్రాలు అనేవాళ్ళట. మంచి దృఢమైన గోధుమరంగు గుర్రాలు, అమ్మ మిగిలిన ఒక యాపిల్ పెట్టబోతే అక్కడ పనిచేసే అమ్మాయి వద్దని మర్యాదగా చెప్పింది. తిండి పెట్టకూడదట. అమ్మ చిన్నబుచ్చుకుంది.

తర్వాత బేకరీ. షాఫ్‌బాక్ అని తేనె, పిండి, మసాలాదినుసులతో చేసే బిళ్ళలు, పొట్టేలు బొమ్మ అచ్చు వేసి ఉంటాయి. యాత్రికులు ఇంటికి మోసుకెళ్ళడానికని పుట్టిన తిండి, నెలలు నిలవుంటుంది. గట్టిగా ఉంటుంది, నోట్లో ఉంచి నానబెట్టుకుని తినాలి, అప్పుడు తేనె, లవంగం దిగుతాయి. పది కొన్నాం, 30 ఫ్రాంకులకు పైనే అయింది, దేవుడి ప్రసాదానికి లెక్కలేమిటంది అమ్మ. వీధిలో అందరికీ పంచాలట.

మాత ఫౌంటెన్ నీళ్ళు ఒక సీసాలో పట్టుకుంది. ఎయిర్‌పోర్టులో తీసేస్తారేమోనని ఒకటే టెన్షన్, సీసాను చీరల మధ్య చుట్టి పెద్ద పెట్టెలో పెట్టాం. చుక్క పోకుండా చేరింది. తులసికోటలో కొంచెం పోసింది, మిగతాది దేవుడి గూట్లో ఉంది.

ఊరేగింపులో పట్టుకున్న కొవ్వొత్తి సగం కాలి మిగిలింది. దాన్ని కూడా పాత పంచెగుడ్డలో చుట్టి తెచ్చింది. ఫిబ్రవరిలో గుణదల కొండ మీద దాన్ని వెలిగించాలట. నిన్న సాయంత్రం గూడు తుడుస్తూ ఆ కొవ్వొత్తి బయటికి తీసి, వత్తి చుట్టూ పట్టిన మసి వేలితో తీసి చూసుకుని, తుడుచుకోకుండా మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టింది.